బోల్టు మోసే లోడెంత? అపోహలు – వాస్తవాలు

రెండు ప్యానెళ్లను బోల్టులతో బిగించి, కంప్యూటర్లో ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ నడిపితే ఒక్కో బోల్టుకు ఒక్కో అంకె వస్తుంది. దాన్ని నమ్మే ముందు, మోడల్‌లో బోల్టును ఎలా చూపించామో ఒకసారి అడగాలి.

అపోహ: వరుసలోని బోల్టులన్నీ లోడును సమానంగా పంచుకుంటాయి.

వాస్తవం: బరువైన దూలాన్ని ముగ్గురు మోస్తున్నప్పుడు నడిమివాడు కాస్త పొట్టివాడైతే అతని భుజానికి దూలం ఆనదు. బరువంతా చివరి ఇద్దరిదే. లాగే దిశలో వరుసగా మూడు బోల్టులున్న అతుకులోనూ ఇలాంటిదే జరుగుతుంది. ప్లేట్లు రెండూ ఒకే మందం, బోల్టులు ఇసుమంత కూడా వంగవు అనుకుందాం. బోల్టుల మధ్య రెండు ప్లేట్లూ ఒకేలా సాగాలి, అంటే చెరిసగం మోయాలి. కాబట్టి మొదటి బోల్టు దగ్గరే సగం లోడు రెండో ప్లేటుకు మారిపోవాలి, మిగతా సగం చివరి బోల్టు దగ్గర మారాలి. మధ్య బోల్టుకు మిగిలేది సున్నా! బోల్టు బదులు రిజిడ్ లింకు పెడితే మోడల్ దాదాపు ఇదే చెబుతుంది. నిజం బోల్టు కొంచెం వంగుతుంది, రంధ్రం అంచు కొంచెం నలుగుతుంది, అందుకే నడిమిదానికీ వాటా దక్కుతుంది. ఆ మెత్తదనాన్ని స్ప్రింగు రూపంలో మోడల్‌కు ఇవ్వాలి. ఆ స్ప్రింగు మెత్తదనాన్ని లెక్కించడానికి విమాన డిజైనర్లు హూత్ సూత్రం వాడతారు.

చివరి వరుసను తేలిగ్గా తీసుకోకూడదు. 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానం పైకప్పులో పెద్ద భాగం గాల్లోనే ఊడిపోయి ఒక విమాన ఉద్యోగిని ప్రాణం పోయింది. ప్యానెళ్ల మధ్య జిగురు ఊడిపోవడంతో లోడంతా రివెట్ల మీద పడింది. పగుళ్లు పుట్టింది మూడు వరుసల్లో పైవరుస దగ్గర.

అపోహ: బిగించిన బోల్టు మీద బయటి లోడంతా అదనంగా పడుతుంది.

వాస్తవం: 8.8 గ్రేడ్ ఎం12 బోల్టులో బిగింపు 36 కిలోన్యూటన్లు అనుకుందాం. ప్లేట్లను విడదీస్తూ 10 కిలోన్యూటన్లతో లాగితే 46 రాదు. ప్లేట్ల దృఢత్వం బోల్టుకు నాలుగింతలుంటే 38 వస్తుంది. ప్లేట్ల మధ్య నొక్కుడు 36 నుంచి 28కి దిగి మిగతా 8ని సర్దుతుంది.

పలుచని ప్యానెళ్లలో కథ తిరగబడుతుంది. వంగిన ప్యానెల్ అంచు ఎదుటి ప్యానెల్‌కు ఆనుకుని, బండరాయిని లేపే గునపంలా బోల్టును పెకలిస్తుంది. అప్పుడు బోల్టుకు తన వంతుకు మించిన లోడు పడుతుంది. ప్యానెళ్ల మధ్య కాంటాక్టు పెట్టని మోడల్‌లో ఇది కనిపించదు. రెండు ముఖాలనూ అతికించేసినా ప్రమాదమే: తెరుచుకోవాల్సిన అతుకు తానే లాగుడు మోసి, బోల్టును ఖాళీగా చూపిస్తుంది.

అపోహ: మెష్ (మోడల్‌ను చిన్న ముక్కలుగా విడదీసే వల) ఎంత సన్నగా ఉంటే జవాబు అంత నిజం.

వాస్తవం: బోల్టును ఒకే నోడ్‌కు (మెష్‌లోని ఒక్క బిందువుకు) కడితే, మెష్ సన్నబడేకొద్దీ అక్కడ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది. లోడును వాషర్ వెడల్పు మేర పంచండి.

అపోహ: టార్క్ రెంచితో బిగించాం కాబట్టి బిగింపు పక్కా.

వాస్తవం: మనం పెట్టే టార్కులో దాదాపు 90 శాతం మరలోనూ, తల కిందా రాపిడికే పోతుంది. చుక్క నూనె పడినా లెక్క మారుతుంది. అందుకే బిగింపులో 25–30 శాతం తేడా మామూలే. 36 అనుకున్నది 25 కావచ్చు, 47 కావచ్చు. మోడల్‌ను ఈ రెండు కొసల్లోనూ నడపండి.

ఆఖరుగా, బోల్టు బలాలనూ కాంటాక్టు బలాలనూ దిశతో సహా చేత్తో కూడండి. మొత్తం మీరిచ్చిన లోడుతో సరిపోకపోతే ఆ రిపోర్టు మీద సంతకం పెట్టకండి.