ఆకు ముదిరేలోగా

ఆకురాల్చు అడవి అనగానే మనకు నల్లమల గుర్తొస్తుంది. చలి తగ్గేసరికి టేకు ఆకులు గలగలా రాలడం, శివరాత్రి నాటికి మోదుగ ఒంటిమీద ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూయడం, ఎండలు ముదిరాక తునికి చెట్లు లేతాకు తొడిగితే జనం తునికాకు కోతకు బయల్దేరడం, ఇదీ మన అడవి వరస. ఇక్కడ చెట్టు ఆకు వదిలేది నీరు చాలక. నేలలో తడి ఇంకిపోతున్నప్పుడు ఆకుల గుండా ఆవిరయ్యే నీటిని ఆపుకోవడానికి అంతకన్నా చౌకైన దారి లేదు.

వేల్స్ వాయవ్య మూలన, స్నోడోనియా కొండల నుంచి సముద్రానికి దిగే లోయల్లో ఉన్న ఓక్ అడవులు కూడా ఏటా ఆకు రాలుస్తాయి. అక్కడ నీటి కరువన్న మాటే లేదు. హైదరాబాదులో ఏడాదికి పడేది సుమారు 800 మిల్లీమీటర్ల వాన. ఈ లోయల్లో 1400 దాటుతుంది, అదీ ఒక కాలంలో కాదు, ఏడాది పొడవునా. అందుకే వీటిని సమశీతోష్ణ వర్షారణ్యాలంటారు. అక్కడి కరువు వెలుగుకి. 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్‌లో పగలు దాదాపు 17 గంటలు, డిసెంబరులో ఏడున్నర. ఆ ఏడున్నర గంటలైనా సూర్యుడు కొండ అంచున వంగి పోతాడే తప్ప నడినెత్తికి రాడు. హైదరాబాదులో ఎండాకాలపు పగటికీ చలికాలపు పగటికీ తేడా రెండు గంటలు దాటితే గొప్ప. ఆ తేడా అలా ఉంచి చూస్తే ఈ అడవిలో ఏ ప్రాణి ఏ పని ఎందుకు ఆ వారంలోనే చేస్తుందో అంతుపట్టదు.

ఒక అడవిని ఎంచుకుందాం. మైన్‌టూరోగ్ ఊరి దగ్గర కోయిడ్ వెలెన్‌రీడ్. ప్రసోర్ అనే చిన్న ఏరు కోసిన ఇరుకు లోయ ఒడ్డున ఏటవాలుగా పెరిగిన అడవి. 1928లో మొదలైన జలవిద్యుత్ కేంద్రం పక్కనే ఉంటుంది. మాబినోగి అనే మధ్యయుగపు వేల్స్ కథల్లో ప్రడేరి అనే రాజు మాంత్రికుడు గ్విడియన్ చేతిలో చచ్చిపడ్డది ఇక్కడేనని చెబుతారు. చెట్లలో ఎక్కువ భాగం సెసైల్ ఓక్, అంటే కాయకు కాడ లేకుండా కొమ్మకే అంటుకుని కాసే రకం. వాటి మధ్య బర్చ్, రోవన్, హేజెల్, హోలీ. మన అడవితో పోలిస్తే చెట్ల రకాలు చాలా తక్కువ. ఈ అడవి సంపద చెట్ల లెక్కలో లేదు, చెట్లమీదా చెట్లకిందా బతికేవాటి లెక్కలో ఉంది.

ముందు ఆకు సంగతి. చలికాలంలో ఆ కాస్త వెలుగైనా వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఓక్ కింద పెరిగే హోలీ అదే చేస్తుంది. దాని ఆకు దళసరి, మైనం పూసినట్టుంటుంది, అంచున ముళ్లు. అలాంటి ఆకు తయారు చెయ్యడానికి ఖర్చెక్కువ, కాబట్టి ఏళ్ల తరబడి వాడుకుంటేనే గిట్టుబాటు. ఓక్ ఆకు వెడల్పు, పల్చన. వేసవిలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది గాని, మంచుకు మాడుతుంది, అట్లాంటిక్ మీంచి వచ్చే తుఫాను గాలిని తెరచాపలా పట్టి కొమ్మను విరుస్తుంది. ఆరు నెలలు వాడి పారేసే ఆకే ఓక్‌కు లాభం.

పారేసే ముందు మాత్రం చెట్టు అందులో పనికొచ్చేదంతా పిండుకుంటుంది. సెప్టెంబరు నుంచి పగళ్లు కురచవుతుంటే పత్రహరితం విడిపోవడం మొదలవుతుంది. దానితోపాటు ఉండే ప్రోటీన్లను కూడా విడగొట్టి, వాటిలోని నత్రజనిని చెట్టు వెనక్కి లాక్కుంటుంది. ఆకులోని నత్రజనిలో సుమారు సగం ఇలా కొమ్మల్లోకి, బెరడులోకి చేరుతుంది. పచ్చదనం పోగానే అంతవరకూ దాని వెనక దాగిన పసుపు రంగు బయటపడుతుంది. అది కొత్తగా పుట్టిన రంగు కాదు. తొడిమ మొదట్లో ఒక పల్చని కణాల పొర ఉంటుంది. ఆకు నుంచి వచ్చే ఆక్సిన్ అనే హార్మోను తగ్గి, ఇథిలీన్ పైచేయి కాగానే ఆ పొర వదులవుతుంది. మామిడికాయలను పండించేది కూడా ఈ ఇథిలీన్ వాయువే. కొమ్మవైపు బెండు పొర కట్టి గాయం మూసుకుంటుంది. వచ్చే వసంతానికి కావలసిన మొగ్గ వేసవిలోనే తయారై ఆ పక్కన కూర్చుని ఉంటుంది. మోడులా కనిపించే చెట్టులో ఇంత సరంజామా ఉంది.

ఇక మార్చి నుంచి మే దాకా నడిచే కథ. పగళ్లు పెరిగాయి, ఎండ వెచ్చబడింది, కానీ ఓక్ ఇంకా చిగురించలేదు. ఏప్రిల్ చివరికి గాని అది కదలదు. అంటే కొన్ని వారాల పాటు వెలుగు అడ్డూఆపూ లేకుండా నేలను తాకుతుంది. ఓక్ పందిరి పూర్తిగా అల్లుకున్నాక నేలకు దిగేది పదో వంతుకన్నా తక్కువ. అడవి నేలమీది చాలా మొక్కలు ఏడాది సంపాదనంతా ఆ కొద్ది వారాల్లోనే చేసుకోవాలి. బ్లూబెల్ గడ్డలు ముందు ఏడు దాచిన పిండిపదార్థంతో చలి వదలకముందే ఆకు పైకి తోస్తాయి. ఏప్రిల్ చివర్లో, మేలో నీలంగా పూస్తాయి. పందిరి మూసుకునేసరికి కొత్త గడ్డను నింపుకుని పని ముగిస్తాయి. ప్రపంచంలోని ఈ జాతి బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటిష్ దీవుల్లోనే ఉన్నాయి. విత్తనం మొక్కై పూయడానికి అయిదేళ్లు పడుతుంది. ఫొటో కోసం పూల మధ్యలో నిలబడేవాళ్లు తొక్కేది పువ్వుల్ని మాత్రమే అయితే బాధ లేకపోయేది. ఆకు నలిగితే ఆ ఏడాది గడ్డలోకి తిండి దిగదు. తెల్లని వుడ్ అనిమొని ఇంకా నిదానం. నేలకింది దుంపతో నూరేళ్లకు రెండు మీటర్లు కూడా పాకదు. అది విస్తారంగా పరుచుకుని కనిపించిందంటే ఆ నేల శతాబ్దాలుగా నాగలి ఎరగదని లెక్క. ఇంగ్లండు, వేల్స్‌లలో 1600 నుంచీ చెదరకుండా ఉన్నదాన్నే ప్రాచీన అడవి అంటారు. కాగితాలు దొరకని చోట ఇలాంటి మొక్కలే సాక్ష్యం.

నన్నడిగితే ఇదంతా పూర్వరంగమే. అసలు పోటీ పైన, కొమ్మల్లో జరుగుతుంది.

వింటర్ మాత్ అనే చిన్న రెక్కపురుగు ఉంది. నవంబరు, డిసెంబరు చలిలో నేలలోంచి బయటికొస్తుంది. ఆడదానికి ఎగరడానికి పనికొచ్చే రెక్కలే ఉండవు, కాండం పట్టుకుని పైకి నడిచి, కొమ్మల చివర గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు ఓక్ మొగ్గ విచ్చుకునే రోజుల్లోనే పిగలాలి. నాలుగు రోజులు ముందు పిగిలితే మొగ్గ మూసే ఉంటుంది, పిల్లపురుగు ఆకలికి చస్తుంది. ఆలస్యమైతే ఇంకో చిక్కు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఓక్ చెట్ల మీద పనిచేసిన పాల్ ఫీనీ 1970లో ఆ చిక్కేమిటో విప్పి చెప్పాడు. ఆకు ముదిరేకొద్దీ గట్టిపడుతుంది, నీరూ ప్రోటీనూ తగ్గుతాయి, టానిన్‌లు పేరుకుని వగరెక్కుతుంది. ముదురాకు తిన్న గొంగళిపురుగు సరిగా ఎదగదు. కాబట్టి ఓక్ మీద బతికే గొంగళిపురుగుల్లో చాలా మటుకు ఆ లేతాకు రోజుల్లోకే ఎగబడతాయి. మే నెలలో చెట్టు కింద కదలకుండా నిలబడితే చినుకుల్లాంటి సన్నని చప్పుడు వినిపిస్తుంది. వాన కాదు, పైనుంచి రాలే గొంగళిపురుగుల రెట్ట. జూన్ వచ్చేసరికి అవి దారాలు వదులుతూ నేలకు దిగి మట్టిలో గూడు కట్టుకుంటాయి. విందు ముగుస్తుంది.

పక్షులు పిల్లల్ని పెంచుకోవలసింది ఆ విందులోనే. బ్లూ టిట్, గ్రేట్ టిట్ లాంటి పిట్టలు ఒక్కో గూటికి రోజూ వందలకొద్దీ గొంగళిపురుగులు మోస్తాయి. గుడ్డు పెట్టడం, పొదగడం, పిల్ల ఆకలి తారస్థాయికి చేరడం, ఈ వరస అంతా కలిపితే నెలపైనే. అంటే పురుగు కంటపడకముందే, నెల తర్వాత అది ఎప్పుడు దండిగా దొరుకుతుందో పక్షి ఊహించుకుని గుడ్డు పెట్టాలి. ఏడాది పొడవునా అక్కడే ఉండే టిట్‌లకు స్థానిక వేడి తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైటమ్ అడవిలో 1947 నుంచి గ్రేట్ టిట్ గూళ్లను లెక్కిస్తున్నారు. వసంతాలు వెచ్చబడటంతో అవి గుడ్లు పెట్టే తేదీ 1960ల కన్నా ఇప్పుడు సుమారు రెండు వారాలు ముందుకు జరిగింది. చెట్టూ పురుగూ జరిగినంతగా అవీ జరిగాయి.

పైడ్ ఫ్లైక్యాచర్‌కు ఆ వెసులుబాటు లేదు. సుమారు పదమూడు గ్రాములు తూగే ఈ నలుపు తెలుపు పిట్ట చలికాలం సహారాకు దక్షిణాన, పశ్చిమాఫ్రికాలో గడుపుతుంది. బ్రిటన్‌లో దీనికి పెట్టనికోట వేల్స్ ఓక్ అడవులే. ఆఫ్రికా నుంచి ఎప్పుడు బయల్దేరాలో అది పగటి పొడవును బట్టి తేల్చుకుంటుంది. పగటి పొడవు భూమి వేడెక్కినంత మాత్రాన మారదు. వేల్స్‌లో వసంతం ఈ ఏడు పది రోజులు ముందొచ్చిందన్న కబురు ఆఫ్రికాలో ఉన్న పిట్టకు ఎవరు చెబుతారు? వచ్చి, జత కట్టి, తొర్రలోనో మనుషులు తగిలించిన చెక్కపెట్టెలోనో గుడ్లు పెట్టి పిల్లలు లేచేసరికి గొంగళిపురుగులు మట్టిలోకి దిగిపోయి ఉంటాయి. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు నేచర్ పత్రికలో చూపించింది ఇదే. పురుగులు బాగా ముందుగా వచ్చిపోయే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పిట్టల సంఖ్య సుమారు 90 శాతం పడిపోయింది. ఆలస్యంగా వచ్చే అడవుల్లో అంత నష్టం లేదు.

ఇలాంటి తేదీల మార్పు పట్టుకోవాలంటే పాత తేదీలు ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. ఆ విషయంలో బ్రిటన్ అదృష్టవంతురాలు. ఇంగ్లండులోని నార్ఫొక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో మొదలుపెట్టి ఓక్ చిగురు, కప్పల అరుపు, వానకోవెల రాక వంటి 27 వసంత సూచనలను ఏటా రాసుకున్నాడు. ఆయన తర్వాత ఆ ఇంటివాళ్లు తరతరాలుగా 1958 దాకా కొనసాగించారు. మన కోయ, చెంచు పెద్దలకు ఇలాంటి లెక్కలు నోటికి వచ్చు. తేదీ వేసి రాసుకున్నవి దొరకడం కష్టం.

వేల్స్ అడవిని చూసివచ్చిన వాళ్లు ఎక్కువగా చెప్పేది ఎంత నిశ్శబ్దమో అని. చాలామంది వెళ్లేది సెలవుల్లో, ఆగస్టులో. అప్పుడు నిశ్శబ్దమే. పిల్లలు ఎగిరిపోయాయి, ఇక పాడి హద్దు చాటుకోవాల్సిన పని లేదు. పైగా పక్షులు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే కాలమది, సరిగా ఎగరలేని రోజుల్లో గప్‌చుప్‌గా ఉండటమే క్షేమం. అదే చోట మే మొదటి వారం తెల్లవారుజామున అయితే రెడ్‌స్టార్ట్, వుడ్ వార్బ్లర్, కోకిల జాతికి చెందిన కుకూ ఒకదాని మీద ఒకటి కూస్తుంటే పక్కమనిషి మాట వినపడదు. ఆగస్టు ప్రశాంతతకు మురిసిపోయే వాళ్లది, పెళ్లి అయిపోయాక పందిట్లోకి వెళ్లి ఎంత హాయిగా ఉందో అనడమే.

చలికాలం వంతు నాచులది. ఓక్ కాండం, బండరాయి, పడిన దుంగ అన్నీ పచ్చటి నాచు కప్పుకుని ఉంటాయి. వీటికి నీరు పీల్చే వేళ్లు లేవు, ఒంటితోనే తాగుతాయి. ఎండితే ముడుచుకుని పని ఆపేస్తాయి, తడి తగలగానే నిమిషాల్లో మళ్లీ మొదలుపెడతాయి. ఫిల్మీ ఫెర్న్ ఆకు మందం ఒక్క కణమే, తేమ తగ్గితే అంతే సంగతులు. ఓక్ ఆకు లేని నెలల్లో వీటికి వానా వెలుగూ రెండూ దొరుకుతాయి. లంగ్‌వర్ట్ అనే లైకెన్ మరీ విచిత్రం. ఒక శిలీంధ్రం, ఒక ఆకుపచ్చ శైవలం, గాలిలోని నత్రజనిని పట్టే సయనోబాక్టీరియా, మూడూ కలిసి ఒకే కాపురం. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను ఇది తట్టుకోలేదు. ఇంగ్లండు మైదానాల్లో చాలాచోట్ల మాయమై, అట్లాంటిక్ గాలి కడిగే ఈ పడమటి అడవుల్లో మిగిలింది.

మనిషి చెయ్యి తగలని అడవేమీ కాదిది. ఈ ప్రాంతపు ఓక్‌లు చాలాచోట్ల మొదలు నుంచే నాలుగైదు కాండాలుగా చీలి ఉంటాయి. వాటిని నరికి, మళ్లీ చిగురించనిచ్చి, మళ్లీ నరికిన గుర్తది. కట్టె బొగ్గయి ఇనుప కొలిమికి పోయేది. దక్షిణాన డవీ నది దగ్గర 1755 ప్రాంతంలో కట్టిన అలాంటి కొలిమి ఇప్పటికీ నిలిచి ఉంది. బెరడు తోళ్లు పదును చెయ్యడానికి, మన దగ్గర తంగేడు చెక్క వాడినట్టే. గొంగళిపురుగును తరిమే టానినే అక్కడా పని చేసేది. అంత నరుకుడునూ అడవి తట్టుకుంది, ఎందుకంటే ఆకు రాలే వరస, వెలుగు దిగే వరస మారలేదు.

ఆ వరసను చెడగొట్టింది ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు. 1763 ప్రాంతంలో తోటల అందం కోసం తెచ్చిన రోడోడెండ్రాన్ పొంటికమ్ అనే పొద అడవుల్లోకి పాకింది. దాని ఆకు విషం, గొర్రె ముట్టదు. దాని కింద వసంతపు వెలుగన్నది ఉండదు. బ్లూబెల్ లేదు, నాచు లేదు, ఓక్ మొలక లేదు. 20వ శతాబ్దంలో కలప కోసం ప్రాచీన అడవుల నేలల్లోనే నాటిన సూదాకు చెట్లు, అంటే కోనిఫర్లు కూడా ఇదే చేశాయి. రోడోడెండ్రాన్‌ను ఇప్పుడు నరికి, మళ్లీ మొలవకుండా ఏళ్ల తరబడి వెంటపడుతున్నారు. కోనిఫర్లను మాత్రం ఒక్కసారిగా కొట్టెయ్యకుండా దఫాలుగా పల్చన చేస్తారు. వెలుగు ఒక్క ఉదుటున దిగితే ముళ్లపొదలు కమ్మేస్తాయి, నీడకు అలవాటుపడ్డ నాచులు ఎండిపోతాయి. గొర్రెల సంగతీ అంతే. మందలు విడిచిపెడితే మొలకలన్నీ మేసేస్తాయి, పూర్తిగా కంచె వేస్తే పొదలు పెరిగి కాండాల మీది లైకెన్లకు వెలుగు అందదు. అందుకని కొన్ని చోట్ల కొద్దిపాటి పశువుల్ని, అదీ ఏడాదిలో కొన్ని వారాలే అడవిలోకి వదులుతున్నారు.