కుంకుడుకాయ – సబ్బుబిళ్ళ

పండుగనాడు తలంటుటకు అమ్మమ్మ కుంకుడుకాయలను చితుకగొట్టి, గింజలు తీసివేసి, తోలును వేడినీటిలో నానవేసి పిసుకును. చూచుచుండగనే గిన్నెనిండ నురుగు పొంగును. అందు సబ్బు లేదు గదా, నురుగెక్కడిది?

కుంకుడుతోలులో సపోనిను అను పదార్థము కలదు. దాని అణువులో ఒక భాగము జిడ్డును, మరియొక భాగము నీటిని పట్టుకొనును. అందుచేత జిడ్డు నీటితో కలిసి పోవును.

సబ్బు చేయు పనియు ఇట్టిదే. దాని పుట్టుక వేరు. కొబ్బరినూనెకు కాస్టిక్ సోడా ద్రావణమును చేర్చినచో అవి మార్పుచెంది సబ్బును, గ్లిజరినును ఏర్పడును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ కొవ్వులను పరిశోధించి, ఈ మార్పులోని మర్మమును 1823లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. కఠినజలమున సబ్బు తెల్లని తెట్టుగా విరిగిపోవును, కుంకుడురసమట్లు విరుగదు.

నూరు గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా చాలును. ఎక్కువైనచో మిగిలిన సోడా చర్మమును కాల్చును. వేపాకురసమో, పసుపో కలిపి "ప్రకృతిసిద్ధమైన సబ్బు" అని పేరిడినను ఆ కొలత తప్పిన దోషము తీరదు. కావున తెలిసిన పెద్దలు దగ్గర లేక పిల్లలు ఇంట సబ్బు చేయబూనరాదు.

చెట్టున కాచినది గదా యని కుంకుడును అలక్ష్యము చేయరాదు. దాని రసము కంటబడిన మంటపుట్టును. గుంటలోని నీటిలో మిక్కుటముగ కలిసినచో చేపలు చచ్చును.

ఏ వస్తువైనను ఎచ్చటినుండి వచ్చినదో తెలిసినంతనే చాలదు; ఎంత వాడవలెనో, ఎట్లు వాడవలెనో కూడ తెలిసికొనవలెను.