చేతికఱ్ఱ విద్య

పల్లెలో కఱ్ఱ లేని యిల్లుండదు. రాత్రివేళ చేనికి నీరు కట్టబోవు రైతునకును, మందవెంట నడచు గొల్లవానికిని కఱ్ఱయే తోడు. పామును తఱుముటకు, కుక్కను బెదరించుటకు, బురదలో అడుగు నిలుపుకొనుటకు అది పనికివచ్చును. బీచుపల్లిలో, కృష్ణాతీరమున వెలసిన ఆంజనేయస్వామి ఈ ప్రాంతమువారి కెల్లరకు పరిచితుడే. సాము నేర్చువారిలో అనేకులు మొదట మ్రొక్కునది ఆ దేవునికే. కఱ్ఱసాము మనకు క్రొత్త కాదు. అది గురువు చేతినుండి శిష్యుని చేతికి దిగుచు వచ్చిన విద్య.

ఇట్టి విద్యయే యొకటి విక్టోరియా రాణి పాలనపు కడపటి దినములలో లండను నగరమున పుట్టి, కొలది యేండ్లలోనే మూతపడి, నూఱేండ్లు నిద్రించి, మరల మేలుకొన్నది.

1862లో లండను వీథులలో ఒక భయము వ్యాపించెను. వెనుకనుండి వచ్చి గొంతు నులిమి దోచుకొను దొంగల కథలను పత్రికలు ప్రకటింపగా, జనులు చీకటిపడిన పిదప వెలుపలికి పోవుటకు జంకిరి. నడుమున కత్తి ధరించు ఆచారము అప్పటికే పోయినది. పెద్దమనుష్యుని చేత మిగిలినది చేతికఱ్ఱ యొక్కటే.

ఆ కఱ్ఱకు చదువు చెప్పించినవాడు ఎడ్వర్డ్ విలియం బార్టన్ రైట్. అతడు 1860లో బెంగుళూరున జన్మించెను. బీచుపల్లి మీదుగా దక్షిణమునకు సాగు పెద్దరోడ్డు కర్నూలు, అనంతపురములను దాటి చేరునది ఆ బెంగుళూరే. ఇంజనీరు వృత్తిమీద జపానునకు పోయి, అచ్చట జుజుత్సు నభ్యసించెను. ఎదుటివాని బలమునకు ఎదురొడ్డక, ఆ బలమునే వానిపై త్రిప్పుట జుజుత్సులోని కీలకము. 1898లో లండను చేరి, తన పేరును ఆ విద్య పేరును కలిపి ‘బార్టిట్సు’ అని నామకరణము చేసెను. మఱుసటి యేట పియర్సన్స్ మాసపత్రికలో ఛాయాచిత్రములతో వ్యాసములు వ్రాసెను. షాఫ్ట్స్‌బరీ వీథిలో శిక్షణశాల తెఱచెను. జపానునుండి యుకియో తాని, సదకజు ఉయెనిషి అను యువకులు వచ్చిరి. స్విట్జర్లాండు దేశీయుడగు పియర్ విన్యీ కఱ్ఱవిద్య నేర్పెను.

విన్యీ యుక్తి గమనింపదగినది. కత్తికి పిడియొద్ద వ్రేళ్లను కాచు కవచముండును, చేతికఱ్ఱకు లేదు. చేయి క్రిందుగా, కొన పైకి నుండునట్లు పట్టినచో, శత్రువు వేసిన దెబ్బ కఱ్ఱవెంట జాఱి వ్రేళ్లమీదికే వచ్చును. అందుచేత విన్యీ చేతిని తలకంటె ఎత్తుగా నుంచి, కొనను క్రిందికి వాల్చెను. అప్పుడు దెబ్బ కొనవైపు జాఱిపోవును, చేయి క్షేమము. శత్రువు దూరమున నున్నంతవఱకు కఱ్ఱ. దగ్గరకు వచ్చినచో కాలితన్ను, పిడిగ్రుద్దు. పైబడి పట్టుకొన్నచో జుజుత్సు. ఇదియే బార్టిట్సు క్రమము.

1902లో శిక్షణశాల మూతపడెను. గురువులు తలయొక దారి పట్టిరి. అయినను విద్య పూర్తిగా నశింపలేదు. ఐదడుగుల పొడవైన లేని ఎడిత్ గారడ్ అను స్త్రీ, ఓటుహక్కుకై పోరాడు స్త్రీలకు జుజుత్సు నేర్పెను. 1913లో వారి నాయకురాలగు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ను పోలీసులు పట్టుకొనకుండ కాచుటకు ఏర్పడిన స్త్రీల దళమునకు శిక్షణ నిచ్చినది ఆమెయే. కోనన్ డాయిల్ 1903లో ప్రకటించిన కథలో షెర్లాక్ హోమ్స్ ‘బరిత్సు’ తెలియుటచే ప్రాణము దక్కించుకొనెను. ఒక యక్షరము తప్పినను, పేరు మాత్రము నిలిచినది! మన దేశమున పోలీసు అధికారిగా నుండిన హెచ్. జి. లాంగ్ 1923లో చేతికఱ్ఱతో ఆత్మరక్షణమును గూర్చి వ్రాసిన గ్రంథమున విన్యీ పద్ధతినే అనుసరించెను.

బార్టన్ రైట్ మాత్రము 1951లో, తొంబది యేండ్ల వయసున, పేదరికమున మరణించెను. అతని సమాధిపై పేరైనను లేకపోయెను.

2002లో పలుదేశముల ఔత్సాహికులు బార్టిట్సు సంఘమును స్థాపించి, పాత మాసపత్రికల పుటలను, లాంగ్ గ్రంథమును ముందుంచుకొని విద్యను పునరుద్ధరింప మొదలిడిరి. పని సులభము కాదు. చిత్రములో దెబ్బ మొదలు కనబడును, చివర కనబడును. నడుమ అడుగు ఎట్లు పడినదో, మణికట్టు ఎంత తిరిగినదో కనబడదు. ఆ కొఱతను వారు తమ యూహతో పూరించుచున్నారు. ఏది పాత పుటలలో నున్నదో, ఏది తాము చేర్చినదో వేఱుచేసి చెప్పుట వారి నిజాయితీ.

మన కఱ్ఱసామునకు అట్టి పుటలు అరుదు. రెండు చిత్రముల నడుమ అడుగు ఎట్లు పడునని ఊరి తాలింఖానాలో ముసలి ఉస్తాదు నడిగినచో, అతడు మాటలతో చెప్పడు. కఱ్ఱ తీసికొని లేచి నిలుచును.