విలువిద్య నేర్చిన బాలుడు కళాశాలకు పోవునప్పుడు

వేసవి ముగిసి జూన్ మాసము వచ్చునప్పటికి నల్లమలలోని చెంచు పెంటలలో రెండు పనులు వచ్చిపడును. వానలకు ముందుగా గుడిసె కప్పు సరిచేసికొనుట మొదటిది. అది తాతల నాటినుండి ఉన్నదే. ఇంటర్మీడియటు ముగించిన కుఱ్ఱవానిని పట్టణములోని కళాశాలకు పంపుటకు వలసిన కాగితములు సమకూర్చుట రెండవది. ఇది క్రొత్తగా వచ్చిన పని. అన్ని పెంటలకు ఇంకను రాలేదు కూడ. వచ్చినచోట మాత్రము గుడిసె కప్పుటకంటె కష్టముగా నున్నది. ఆ కష్టములో పెద్ద భాగమును తొలగించుట గ్రామ పంచాయతీకి సాధ్యమగు పని గనుక ఆ వివరములను సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

ముందుగా ఆ బాలుడెట్టివాడో తెలిసికొనవలెను. చెంచుల యింట మగపిల్లవానికి ఊహ తెలిసిన కొలది కాలమునకే వెదురు విల్లు ఆటవస్తువగును. తండ్రివెంట అడవిలో తిరుగుచు అతడు నేర్చునది గురి ఒక్కటియే కాదు. గాలి యెటు వీచుచున్నది, తడినేలపై పడిన గిట్టగుర్తు నిన్నటిదా నేటిదా, పక్షి దేనిని చూచి అరచుచున్నది, ఇవన్నియు కనిపెట్టవలెను. కదలక మెదలక గడియలకొలది కూర్చుండవలెను. పదునెనిమిదేండ్లు నిండునాటికి ఈ విద్య అతనికి పట్టుబడియుండును. మన పాఠశాలలలో దీనికి మార్కులు లేవు.

ఈ విద్యతో బ్రదుకు సాగించు మార్గము మాత్రము మూసికొనిపోయినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సాగులోనున్న భూమిపైనను, తేనె, బంక మొదలగు ఫలసాయముపైనను హక్కు కల్పించినదే గాని వేటను అందు చేర్చలేదు. అంతమాత్రమున విల్లు కనబడిన ప్రతి యింటిని దొంగ యిల్లుగా చూచుట తగదు. పులుల అభయారణ్యములో జంతువుల జాడ తీయుటకు, కావలి కాయుటకు అటవీ శాఖవారు నియమించుకొనుచున్నది ఈ చెంచు యువకులనే.

విల్లు మరియొక దారి కూడ చూపగలదు. రాజస్థానములోని ఉదయపూరు ప్రాంతపు గిరిజన కుటుంబములో పుట్టిన లింబా రామ్ వెదురు విల్లుతో పిట్టలను కొట్టుచు పెరిగినవాడు. 1987లో జరిపిన ఎంపికలో అధికారుల కంటబడి శిక్షణకు పోయెను. మరుసటి యేడు సియోల్ ఒలింపిక్సులో దేశము పక్షమున బాణము వేసెను. 1992లో బీజింగులో జరిగిన ఆసియా పోటీలలో 30 మీటర్ల దూరమున ప్రపంచ రికార్డును అందుకొనెను. నేటికిని మన దేశపు పోటీలలో ‘ఇండియన్ రౌండ్’ అను తరగతి యున్నది. ఇందులో ఖరీదైన విదేశీ విల్లు అక్కరలేదు. వెదురుతోనో కఱ్ఱతోనో చేసిన విల్లుతో 50, 30 మీటర్ల దూరములనుండి వేయుదురు. కళాశాలలో చేరు కుఱ్ఱవానికి వ్యాయామోపాధ్యాయుని కలిసికొని ఈ సంగతి అడుగుమని చెప్పవలెను. చెప్పనిదే అతడు అడుగడు. అడవి పిల్లలకు బిడియము మెండు.

ఇక కుటుంబము సంగతి. కుఱ్ఱవాడు వెడలినచో ఇంటికి కలుగు నష్టము చిన్నది కాదు. కొండచరియలో తేనెపట్టు తీయునప్పుడు ఒకడు తాడుపై దిగును, ఒకడు పైన తాడు పట్టును. పట్టువాడు సాధారణముగా దిగినవాని బావమరిదియే యగును. తన తోబుట్టువు పసుపుకుంకుమలు అతని చేతిలో నుండును గదా! ఆ బావమరిది కళాశాలకు పోయిన యేడు బావ యెవరిని నమ్మి దిగవలెను? వీరికి చదువు విలువ తెలియదని తేలికగా అనువారు ఈ లెక్క చూచుటలేదు. తల్లిదండ్రుల సందేహము విలువనుగూర్చి కాదు; ఊరుగాని ఊరిలో బిడ్డకు అన్నమెవరు పెట్టుదురని. గిరిజన సంక్షేమ శాఖ నడపు కళాశాల వసతి గృహములను గూర్చి, ఉపకార వేతనమును గూర్చి వారికి ఇంటికి పోయి చెప్పవలెను. వీలైనచో తండ్రిని ఒకమారు తీసికొనిపోయి వసతి గృహమును చూపించుట మేలు.

ఉపకార వేతనమునకు మార్కుల పత్రము, కుల, ఆదాయ ధృవీకరణ పత్రములు, ఆధార్, బ్యాంకు ఖాతా వలయును. చిక్కు వచ్చునది ఇవి లేకపోవుటవలనకంటె, ఒకదానితో నొకటి పొసగకపోవుటవలననే. పెంటలో పుట్టిన బిడ్డకు పుట్టిన తేదీ వ్రాసియుండరు. బడిలో చేర్చుకొన్ననాడు పంతులు తోచిన తేదీ వేయును. ఆధార్ తీయువాడు మరియొకటి వేయును. పేరులోనో ఇంటిపేరులోనో ఒక అక్షరము జారిపోవును. పదేండ్ల తరువాత దరఖాస్తు ఆగిపోవును. పదవ తరగతి మార్కుల పత్రమును చూపి ఆధార్‌లోని తేదీని సరిచేయించుకొనవచ్చును. అయితే జన్మతేదీ మార్పునకు సామాన్యముగా ఒక్క అవకాశమే యిత్తురు కావున తొందరపడి మరల తప్పు వ్రాయించుకొనరాదు. ఈ పని ఇంటరు చదువుచుండగనే ముగింపవలెను. ఫలితములు వచ్చిన పిదప వ్యవధి చాలదు.

అసలు మూలము పంచాయతీ కార్యాలయములోని జనన రిజిష్టరులో నున్నది. 1969 నాటి చట్టము ప్రకారము 21 దినములలోపల తెలిపిన జననమును రుసుము లేకయే నమోదు చేయుదురు. ఇంటిలో కాన్పైనచో ఇంటి పెద్ద నోటిమాటగా చెప్పినను చాలును. ఏడాది దాటెనా, మెజిస్ట్రేటు ఉత్తరువు కావలెను; అడవి విడిచి కచేరీల చుట్టు తిరుగుట కూలివానికి శక్యమా? అంతేకాక 2023 సవరణ ననుసరించి ఆ యేడు అక్టోబరు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు విద్యాలయములలో చేరునపుడు జనన ధృవీకరణ పత్రమే పుట్టిన తేదీకి ప్రమాణము. ఈనాడు పెంటలో ఊయలలో నున్న బిడ్డ పేరు రిజిష్టరున కెక్కినదా లేదా యని వార్డు సభ్యుడు విచారింపవలెను. పెంటవారు కార్యాలయమునకు వత్తురని కాచుకొనక, టీకాలు వేయు దినమున కార్యదర్శియే పుస్తకము చంకబెట్టుకొని అచ్చటికి పోవుట సులభము.

ప్రయాణపు దినమున సభ్యులలో నొకరు కుఱ్ఱవాని వెంట పోవుట మంచిది. మూల పత్రములను ఒక సంచిలోనుంచి, వాని నకళ్ళు రెండేసి తీయించి వేరుగా నుంచవలెను. కళాశాలలో మూలపత్రములు తీసికొన్నచో రసీదు అడుగవలెను. వసతి గృహములో పేరు వ్రాయించి, మంచము చూచి, సంక్షేమాధికారి ఫోను నెంబరు వ్రాసికొని తిరిగివచ్చి ఆ సాయంకాలమే పెంటకు పోయి తల్లికి చెప్పవలెను.