ఛాయాచిత్రముల ప్రతులకు తగిన కాగితము

మన యిండ్ల గోడలపై వ్రేలాడు తాతముత్తాతల ఛాయాచిత్రములు నానాటికి వెలిసిపోవుచున్నవి. వానికి ప్రతులు తీయించువారు యంత్రమును గూర్చి యడుగుదురే కాని కాగితమును గూర్చి యడుగరు. నేనును అట్లే చేసితిని. మా తల్లిదండ్రుల పెండ్లినాటి పటమునకు పట్టణమున నొక అంగడిలో ప్రతి తీయించి, కిటికీ కెదురుగా తగిలించితిని. నాలుగేండ్లు తిరుగకమునుపే ముఖములు వెలవెలబోయినవి; కాగితము పసుపుచాయ తిరిగినది. మూలపటమును ఈలోపుననే చెదలు తినివేసినవి.

ఇంక్‌జెట్ యంత్రము మిక్కిలి సన్నని సిరాచుక్కలను కాగితముపై చిమ్మును. ఆ సిరా రెండు తెఱగులు. ద్రవమున కరగిపోయిన రంగు ఒకటి. కరగక సూక్ష్మమైన పొడిగనే యుండు పిగ్మెంటు రెండవది. మొదటిది వెలుతురునకును గాలికిని త్వరగా లొంగును. నిలువవలసిన పటమునకు పిగ్మెంటే యుచితము.

ఇక కాగితము. చవుకరకము కొయ్యగుజ్జుతో నగును. అందలి లిగ్నిన్ అను పదార్థమే పసుపుచాయకు మూలము. వార్తాపత్రికను కొన్ని దినములు ఎండలో నుంచి చూచిన తెలియును. ప్రత్తినారలో లిగ్నిన్ లేదనియే చెప్పవచ్చును. కరెన్సీ నోటు జేబులో తడిసినను చివికిపోకుండుట ప్రత్తికాగిత మగుటచేతనే కదా! బాగుగా శుద్ధిచేసిన కొయ్యగుజ్జును ఆల్ఫా సెల్యులోజు అందురు. అదియు చెడ్డది కాదు, వెలయు తక్కువ. ఏదైనను ఆమ్లము లేనిదై యుండవలెను. జర్మనీదేశమున 1584లో నెలకొన్న హానెమ్యూలె మిల్లు ప్రత్తితో చేయు ఫోటో రాగ్ అను కాగితము చదరపు మీటరుకు 308 గ్రాములు తూగును. మన కచేరీ కాగితము 70, 80 గ్రాములే. అట్లని దళసరి యైనదెల్ల మేలురకమని భ్రమపడరాదు.

అతిధవళమైన కాగితమును జూచియు మోసపోరాదు. బట్టలకు తెలుపు దెచ్చు మందువంటి దానిని కాగితమునను కలుపుదురు. కాలక్రమమున ఆ మందు శక్తి యుడిగి అసలు చాయ బయటపడును. దీనికొక పరీక్ష కలదు. అంగళ్లలో నోట్లను పరీక్షించు ఊదారంగు దీపము క్రింద కాగితమును పట్టుడు. మందున్నది నీలముగ వెలుగును, లేనిది వెలుగదు. మంచి నోటు కాగితమును వెలుగదు.

చేతికాగితము శ్రేష్ఠమని కొందఱు తెత్తురు. పైన లేపనము లేనిచో సిరా నారలవెంట ప్రాకి కన్నుముక్కు తీరు చెడును. లేపనమున్న ప్రక్కను, మూలయందు తడివ్రేలు తాకించి తెలిసికొనవచ్చును. అది కొంచె మంటుకొనును. మెఱుపులేని కాగితముపై నలుపు కొంత బూడిదవలె దోచును. బేరియం సల్ఫేటు పూసిన బరైటా కాగితముపై నలుపు గాఢముగ నిలుచును, పాత పటముల పోలికయు వచ్చును. కాని దీపపు వెలుగు దానిపై తళుకుమని కన్నులకు గొట్టును. అద్దము వేయుదుమేని నాకు మెఱుపులేనిదే నచ్చినది.

అచ్చైన పటమును ఒక దినమైనను ఆరనిచ్చి, అద్దమునకు తగులకుండ నడుమ అట్టచట్రము పెట్టి బిగింపవలెను. కిటికీ యెదుట తగిలింపరాదు.

మా పటమునకు మూలము లేదు గనుక, వెలిసిన యా ప్రతికే మరల ఛాయ తీయించి, ప్రత్తికాగితముపై నచ్చు వేయించితిని. అమ్మ ముఖము దక్కినది. చీర యంచు దక్కలేదు.