ఆ ఆరు నెలలు ఎవరివి?

"ఇంకెన్ని రోజులే నీ డిగ్రీ? ఎండాకాలం గూడ పుస్తకాలేనా?"

జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో డిగ్రీ చదివే అమ్మాయి ఉన్న ఇంట్లో ఈ మాట వినపడకుండా వేసవి వెళ్లదు. అమ్మాయికీ లోపల అదే ఆత్రం. చదువు తొందరగా అయిపోతే ఏదైనా ఉద్యోగం చూసుకోవచ్చని ఆమె ఆశ. తొందరగా అయిపోతే ఓ అయ్య చేతిలో పెట్టొచ్చని ఇంట్లో వాళ్ల ఆలోచన. ఇద్దరూ కోరేది ఒకటే, ఎందుకన్నదే వేరు!

అమెరికాలో కొందరు విద్యార్థులు వేసవిలోనూ క్లాసులు తీసుకుని డిగ్రీ ముందుగా ముగిస్తుంటారు. మన దగ్గరా ఇప్పుడిప్పుడే దారి పడుతోంది. చురుకైన విద్యార్థులు మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలో పూర్తి చేసే పద్ధతికి 2024 నవంబరులో యూజీసీ ఆమోదం తెలిపింది. మొదటి లేదా రెండో సెమిస్టరు ముగిశాక దీనికి దరఖాస్తు చేసుకోవాలి. కాలేజీ కమిటీ పరిశీలించి, సీట్లలో పది శాతం మంది వరకు అవకాశం ఇవ్వొచ్చు. అయితే అమలు చేయాలా వద్దా అన్నది విశ్వవిద్యాలయాల ఇష్టం. కాబట్టి ముందుగా మీ కాలేజీ ఆఫీసులో అడగండి. స్కాలర్‌షిప్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి.

లెక్క చూసుకోండి

కాలం తగ్గుతుంది గానీ చదువు తగ్గదు. యూజీసీ లెక్కలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. ఆరు సెమిస్టర్లయితే ఒక్కోదానికి 20. మొదటి రెండింట్లో 40 అయిపోయాయనుకుంటే, మిగిలిన 80 మూడు సెమిస్టర్లలో రావాలి. అంటే ఒక్కోదానిలో దాదాపు 27! సబ్జెక్టులు మిగిలిపోయిన అమ్మాయి ఈ బరువు ఎత్తుకోకపోవడమే మంచిది.

సెలవుల్లో ఏం చేయొచ్చు?

మిగిలిపోయిన సబ్జెక్టులుంటే ముందు వాటి సంగతి చూడండి. లేకపోతే వచ్చే సెమిస్టరు పాఠాలు ముందే చదివిపెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'స్వయం'లో ఇంట్లోంచే పాఠాలు వినొచ్చు. జనవరిలో, జూలైలో కోర్సులు మొదలవుతాయి. ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను ఇలా చేసేందుకు యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి. క్రెడిట్లు కలుపుతారో లేదో చేరకముందే కాలేజీలో కనుక్కోండి.

చెప్పినంత తేలికేం కాదు. మానుకోట పల్లెల్లో మిరప ఏరే పని, భూపాలపల్లి అడవి వైపు తునికాకు పని వేసవికే వస్తాయి. ఊళ్లో ఉన్నా వంటిల్లు, చుట్టాలు, ముహూర్తాలు. అమ్మాయి ఇంట్లోనే ఉంది కదా అని పనంతా ఆమెకే అప్పజెబుతారు. తెల్లవారుజామున రెండు గంటలు ఆమెను వదిలేయండి. అమ్మలూ, ఇది మీ చేతిలోని పనే! లైబ్రరీకి వెళ్తానంటే చార్జీల బెంగా లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం.

ముందే మాట తీసుకోండి

ఐదో సెమిస్టరుతో డిగ్రీ ముగిసినా పీజీలోనో, బీఈడీలోనో ఆరు నెలల ముందు చేరిపోవడం కుదరదు. ఆ ప్రవేశ పరీక్షలు ఏడాదికోసారే. మరి మిగిలిన ఆరు నెలలు దేనికి? బ్యాంకు పరీక్షకా, గ్రూప్స్‌కా, కంప్యూటర్ నేర్చుకోవడానికా? ఈ జవాబు ముందే ఇంట్లో చెప్పి ఒప్పించుకోండి. లేకపోతే "చదువు అయిపోయిందిగా!" అంటూ సంబంధాలు చూడడం మొదలవుతుంది. కష్టపడి మిగుల్చుకున్న కాలం మీ చేతికి రాకుండానే పోతుంది.

ఒకవేళ మధ్యలో పెళ్లయినా చదువు వదలొద్దు. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి ఇలాంటివాళ్ల కోసమే ఉంది. తొందరగా ముగించినా, నిదానంగా ముగించినా డిగ్రీకి విలువ ఒకటే.

ఈ వేసవిలో కూతురు పుస్తకం పట్టుకుని కూచుంటే "ఇంకెన్ని రోజులే?" అనకండి. "అయిపోయాక ఏం చేద్దామనుకుంటున్నవ్ బిడ్డా?" అని అడగండి. జవాబు ఆమె దగ్గరే ఉంటుంది.