ఇల్లు చూడాల్సింది రాత్రి పూట

ఎండాకాలానికి ఇల్లు తట్టుకుంటుందో లేదో చూసిపెట్టమని పిలిచేవాళ్ళు ఎక్కువగా మధ్యాహ్నం రమ్మంటారు. నేను రాత్రి భోజనాలయ్యాక వస్తానంటాను. ఖమ్మంలో ఇళ్ళ ప్లాన్లు గీయడం, దగ్గరుండి కట్టించడం నా పని. పగలు ఏ ఇల్లయినా వేడిగానే ఉంటుంది. అసలు సంగతి బయటపడేది రాత్రే. పొద్దంతా ఎండకు కాగిన స్లాబులోంచి ఆ వేడి కిందికి దిగడానికి గంటలు పడుతుంది. బయట గాలి చల్లబడ్డాక కూడా లోపల కప్పు సెగ కొడుతూనే ఉంటుంది. పగలు అలిసిన ఒళ్ళు రాత్రికి తేరుకోవాలి. వరసగా నాలుగు రాత్రులు ఆ వీలు లేకపోతే పెద్దవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు తట్టుకోలేరు. వడదెబ్బ ఎండలో తిరిగేవాళ్ళకే అనుకుంటాం గానీ, ఇంట్లో మంచం మీదున్నవాళ్ళకూ తగులుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళే.

కిందటి మార్చి ఆఖర్లో మా పెద్దమ్మ వాళ్ళింటికి అలాగే రాత్రి తొమ్మిదింటికి వెళ్ళాను. కింద వాటా అద్దెకిచ్చారు, పైన వాళ్ళుంటారు, డాబా మీద ఒక రేకుల గది.

“ఏందే, పడుకునే టైముకొచ్చావు?” అంది పెద్దమ్మ.

నా సంచిలో ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటుంది. జ్వరం చూసేది కాదు, గోడలకూ మోటార్లకూ వాడేది. గోడ వైపు పెట్టి నొక్కితే అంకె చూపిస్తుంది. తూర్పు గోడ 33 డిగ్రీలు. పడమటి గోడ 37. పెదనాన్న మంచానికి సరిగ్గా పైనున్న కప్పు 40. ఫ్యాను తిరుగుతూ ఆ కప్పు కింది వేడిగాలినే ఆయన మీదికి తోస్తోంది. చెమట ఆరినంతసేపూ ఫ్యాను మంచిదే. గదిలో గాలి 40 డిగ్రీలు దాటితే మాత్రం ఫ్యాను వాడొద్దని, అది ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే ముందు మంచం మార్పించాను, తూర్పు గదిలోకి. పైసా ఖర్చు లేదు.

తర్వాత డాబా. ఇంట్లోకి దిగే వేడిలో పెద్ద వాటా కప్పుదే, ఎండ రోజంతా దాని మీదే కాబట్టి. నల్లబడి పాచిపట్టిన డాబా ఆ ఎండను మింగేస్తుంది, తెల్లగా ఉంటే చాలావరకు తిప్పికొడుతుంది. దానివల్ల కింది గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది. మనకు అందుబాటులో ఉన్నది సున్నం. ముందు డాబా ఊడ్చి, పాచి పోయేలా బ్రష్షుతో రుద్ది కడగాలి. పగుళ్ళు పూడ్చాలి. సున్నం ముందురోజే నానబెట్టి, వడగట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి, ఎండ దిగాక రెండు పూతలు వేయాలి. మండే ఎండలో వేస్తే పూత పట్టకముందే ఎండిపోయి పొడిలా రాలుతుంది. వానలకు సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాల్సిందే. కూల్ రూఫ్ పెయింట్ ఖరీదెక్కువ, కానీ ఏటా వేసే పని ఉండదు. ఏది వేసినా దుమ్ము పేరుకుంటే పనిచేయదు, మధ్యమధ్యలో కడుగుతుండాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు ఇలాంటి కప్పు తప్పనిసరి అంది. అంతకన్నా చిన్న ఇళ్ళకు ఇష్టమైతేనే. నా దగ్గరికొచ్చేవాళ్ళవి నూట యాభై, రెండొందల గజాల స్థలాలు. చెట్టుకు చోటుండదు, పక్కిల్లు గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. చల్లటి కప్పు ముందు కావాల్సింది వీళ్ళకే అని నేను గట్టిగా నమ్ముతాను.

పడమటి కిటికీలకు లోపల పరదా కట్టి ఊరుకుంటారు. అప్పటికే ఎండ అద్దం దాటి వచ్చేసింది. నీడ బయట పడాలి. వెదురు తడికో, వట్టివేళ్ళ తడికో, ఏదీ లేకపోతే నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ వలో చాలు. కిటికీలు పగలు మూసి, బయట గాలి చల్లబడ్డాక తెరవాలి. దోమతెరలు చిరిగితే ఇప్పుడే మార్పించుకోండి, లేకపోతే రాత్రి తెరవలేరు.

ఇక కూలరు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీంతో ప్రాణాలు పోతున్నాయి. రేకు బాడీ, లోపల నీళ్ళు, ఆ నీళ్ళలో కరెంటు పంపు. పంపు వైరు తొక్క ఊడి కరెంటు బాడీకి పాకితే, దాన్ని భూమిలోకి తీసుకెళ్ళేది ఎర్తింగు ఒక్కటే. పెద్దమ్మ వాళ్ళ కూలరు ప్లగ్గు పట్టుకు చూస్తే మూడు పిన్నుల్లో పైదాన్ని కోసేశారు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడానికి. ఆ పైపిన్నే ఎర్తింగు. ప్లగ్గు మార్పించి గోడ సాకెట్‌కే పెట్టించాను. ఆ సాకెట్‌కు ఎర్త్ వైరు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాం. పెరట్లో ఎర్తింగు గొయ్యి ఎండి బీటలు వారింది. మట్టి ఎండితే ఎర్తింగు బలహీనపడుతుంది. వేసవంతా అందులో నీళ్ళు పోస్తుండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు లీకైన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడండి. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. పిల్లలకు ఈ పని చెప్పొద్దు.

కూలరు పెట్టి తలుపులన్నీ మూసేయడం ఇంకో పొరపాటు. తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే గది జిడ్డుగా ఉక్కపోస్తుంది. ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. ఖమ్మం, రామగుండం వైపు పొడి ఎండల్లో కూలరు బాగా పనిచేస్తుంది. కోస్తాలో గాలికి ముందే చెమ్మ ఎక్కువ, అక్కడ దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రేకుల గదికి మాత్రం నా రాత్రి లెక్క పనికిరాదు. పలచటి రేకు ఎంత తొందరగా కాగుతుందో అంత తొందరగా చల్లారుతుంది. దాన్ని మధ్యాహ్నమే చూడాలి. మర్నాడు రెండింటికి మెట్లెక్కాను. ఆ గదిలో అద్దెకున్న కుర్రాడు రాత్రి డ్యూటీ చేసొచ్చి తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. రేకు లోపలివైపు 54 డిగ్రీలు. మనిషి పడుకునే చోటు కాదది. రేకు మీద తెల్ల పూత, కింద జానెడు ఖాళీ వదిలి సీలింగు, ఆ ఖాళీలోంచి వేడిగాలి పోవడానికి రెండు వైపులా కంతలు కావాలన్నాను. పాత ఆస్‌బెస్టాస్ రేకయితే గీకడం, కోయడం వద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. అందాకా కుర్రాణ్ణి పగలు కింద వరండా గదిలో పడుకోనిమ్మన్నాను. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, మనిషి మత్తుగా ఉన్నా ఒంటి మీద నీళ్ళు పోసి, గాలి తగలనిచ్చి, 108కి ఫోన్ చేయాలని అతనికీ, పెదనాన్నకూ చెప్పాను. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

“అద్దెకున్నోళ్ళ గదికి మనమెందుకు పెట్టాలే డబ్బులు?” అంది పెద్దమ్మ.

“అద్దె తీసుకుంటున్నది మనమే కదా పెద్దమ్మా” అన్నాను. చివరికి సీలింగు వేయించింది. కప్పు ఇంటివాళ్ళది, దాన్ని చల్లగా ఉంచే ఖర్చూ ఇంటివాళ్ళదే. పై వాటా అద్దెకు తీసుకునేవాళ్ళు అగ్రిమెంటులో ఒక్క మాట రాయించుకోండి: ఏటా శివరాత్రి వెళ్ళగానే డాబాకు సున్నం ఇంటి యజమాని వేయించాలని.